దెబ్బ కంటే ముందు పడే అడుగు

పెళ్లి ఊరేగింపులో వ్యాను మీద సౌండు బాక్సుల నడుమ నిలబడ్డ డీజే కుర్రాణ్ణి చూపించి మా బంధువుల్లో ఒక పెద్దాయన నన్నడిగాడు: "పాట కట్టింది ఒకరు, పాడింది ఇంకొకరు. వీడు చేసేదల్లా మీట నొక్కడమే కదా! మరి మీట నొక్కే మనిషి మారితే ఆట ఎందుకు మారిపోతోంది? పోయిన పెళ్లిలోనూ ఇవే పాటలు వేశారు. ఒక్కడూ కాలు కదపలేదు."

ఈ ప్రశ్నలో మొదటి సగం అందరూ అడిగేదే. అసలు విషయం రెండో సగంలో ఉంది. అవే పాటలు, అలాంటి యంత్రమే, ఇంచుమించు అదే జనం. ఒకచోట ఆట కట్టింది, ఇంకోచోట కట్టలేదు. తేడా ఎక్కడుంది? పాటల వరసలోనా, వేసే సమయంలోనా, ఆడేవాళ్ల మెదళ్లలోనా?

పెళ్లి పాటలతో దీన్ని తేల్చడం కష్టం. తెలిసిన సినిమా పాట మొదలైతే సగం పని జ్ఞాపకమే చేసేస్తుంది. పల్లవి వినబడగానే చేతులు లేస్తాయి, ఆ ఘనత పాటదా డీజేదా చెప్పలేం. కాబట్టి పాటే లేని చోటికి వెళ్దాం. టెక్నోలో గాయకుడు ఉండడు, చాలాసార్లు మాటలే ఉండవు, పట్టుకుని పాడుకునే వరస కూడా ఉండదు. ఆడుతున్నవాళ్లలో ఎక్కువమందికి మోగుతున్న రికార్డు పేరు తెలియదు. ఆరు గంటల తర్వాత కూడా వాళ్లు అక్కడే ఉన్నారంటే, డీజే చేసే పని ఏమిటో ముసుగు లేకుండా కనబడేది అక్కడే.

పాట లేని చోట

ఈ సంగీతం పుట్టింది అమెరికాలో, కార్ల ఫ్యాక్టరీల నగరం డెట్రాయిట్‌లో, 1980లలో. నగరానికి కాస్త దూరంగా బెల్‌విల్‌లో చదువుకున్న ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు, జువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, రాత్రిళ్లు రేడియోలో 'ఎలక్ట్రిఫయింగ్ మోజో' అనే వ్యాఖ్యాత వేసే పాటలు వింటూ పెరిగారు. జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ యంత్రసంగీతాన్నీ అమెరికా ఫంక్‌నూ ఆయన పక్కపక్కనే వేసేవాడు. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో ఈ కుర్రాళ్లు రోలాండ్ డ్రమ్ యంత్రాల మీద చేసి చూశారు. 1988లో బ్రిటన్‌లో వచ్చిన ఒక సంకలనం ఈ సంగీతాన్ని టెక్నో అనే పేరుతో ప్రపంచానికి పరిచయం చేసింది.

మరుసటి ఏడు నవంబర్‌లో బెర్లిన్ గోడ కూలింది. తూర్పు బెర్లిన్‌లో యజమాని ఎవరో తెలియని భవనాలు ఖాళీగా పడి ఉన్నాయి. ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోరు నేలమాళిగలో, తుప్పుపట్టిన లాకర్లున్న ఖజానా గదిలో, 1991 మార్చిలో 'ట్రెజోర్' అనే క్లబ్ తెరిచారు. జర్మన్‌లో ఆ మాటకు ఖజానా అనే అర్థం. గోడకు ఇటూ అటూ పెరిగిన యువత ఒకే నేల మీద ఆడింది. డెట్రాయిట్ కళాకారులు సముద్రం దాటి వచ్చి అక్కడ వాయించారు. 2004లో ఒక పాత విద్యుత్ కేంద్రంలో 'బెర్గైన్' తెరుచుకుంది. అక్కడ శనివారం రాత్రి మొదలైన ఆట సోమవారం పొద్దున దాకా సాగుతుంది. 2024 మార్చిలో జర్మనీ బెర్లిన్ టెక్నో సంస్కృతిని తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది.

ఇక ఆ సంగీతాన్ని విప్పి చూద్దాం. అడుగున ఒక బరువైన డ్రమ్ము దెబ్బ ఉంటుంది. దాన్ని కిక్ అంటారు. నిమిషానికి సుమారు 130 సార్లు, ఎక్కడా తడబడకుండా, గడియారంలా పడుతుంది. అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను కంటే కాస్త తక్కువ. మనిషి తన ధోరణిలో తాను నడిచేటప్పుడు సెకనుకు రెండు అడుగుల దగ్గర్లో పడతాయి. టెక్నో వేగం దానికి కొంచెం పైన ఉంటుంది. తొందర పడుతున్న నడక అనుకోండి.

నాలుగు దెబ్బలు ఒక ఆవర్తనం. ఆవర్తనాలు ఎనిమిదేసి, పదహారేసి గుత్తులుగా కడతారు. కొత్త చప్పుడు ఏది వచ్చినా, ఉన్నది పోయినా ఆ గుత్తి అంచునే జరుగుతుంది. పదహారు ఆవర్తనాలంటే ఇంచుమించు అర నిమిషం. ఆడేవాడు లెక్కపెట్టడు, కానీ అతని ఒంటికి ఆ లెక్క తెలుస్తుంది. కచేరీలో మృదంగం తనియావర్తనం చివర్లో తీర్మానం మూడోసారి వస్తుంటే, తాళం లెక్క రానివాడు కూడా సమం మీద తల ఊపుతాడు చూడండి, అలాగన్నమాట.

ఇంకో సంగతి. టెక్నో రికార్డుకి మొదటి నిమిషమూ చివరి నిమిషమూ తరచూ ఒట్టి దరువే ఉంటుంది. ఇంట్లో కూర్చుని వింటే అది విసుగనిపిస్తుంది. దర్జీ జాకెట్టు కుట్టేటప్పుడు లోపలివైపు కాస్త గుడ్డ వదులుతాడు కదా, ఆ గుడ్డ ఇది. పక్క రికార్డుతో కలిపి కుట్టడానికి వదిలినది. ఈ రికార్డులు విడిగా వినడానికి కట్టినవి కావు.

కుట్టు కనబడకుండా

రెండు రికార్డుల్ని దెబ్బకు దెబ్బ కలిపి, మధ్యలో ఆట ఆగకుండా నడపవచ్చని 1970 ప్రాంతంలో న్యూయార్క్ క్లబ్బుల్లో చూపించినవాడు ఫ్రాన్సిస్ గ్రాసో. ఆ తర్వాత టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 అనే రికార్డు ప్లేయరు ఆ పనికి నాగలి లాంటి పనిముట్టయింది. దాని కుడిపక్కన ఒక జారుడు మీట ఉంటుంది. వేగాన్ని నూటికి 8 వంతుల దాకా పెంచుతుంది, అంతే మేర తగ్గిస్తుంది.

ఒక్క అతుకుని దగ్గర్నుంచి చూద్దాం. హాల్లో 130 వేగంతో ఒక రికార్డు మోగుతోంది. తర్వాత వేయబోయేది 133. డీజే హెడ్‌ఫోను ఒక చెవికి మాత్రమే పెట్టుకుంటాడు. ఆ చెవిలో రాబోయే రికార్డు, రెండో చెవిలో హాలు. రెండూ అలాగే వదిలేస్తే పది సెకన్లలో దెబ్బలు సగానికి సగం ఎడమవుతాయి. అతను జారుడు మీటతో వేగం తగ్గిస్తాడు, నూటికి రెండు వంతుల కంటే కొంచెం ఎక్కువ. ఇంకా ఎక్కడో పిసరంత తేడా. వెయ్యిలో ఒక వంతు తేడా మిగిలినా నిమిషం గడిచేసరికి రెండు దెబ్బలూ విడివిడిగా, గుర్రం డెక్కల్లా టకటకమని వినబడతాయి. రికార్డు అంచుని వేలికొసతో ఒక్క క్షణం ఒత్తుతాడు. అది తూనికలో చివరి గింజ వేయడం లాంటిది. డెక్కల చప్పుడు మాయమై రెండు దెబ్బలూ ఒకటవుతాయి.

ఆ రెండో చెవికి వినబడే 'హాలు' నిజానికి హాలు కాదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే వెళుతుంది. పది మీటర్ల దూరంలోని పెద్ద స్పీకరు చప్పుడు డీజే దగ్గరకు వచ్చేసరికి సెకనులో 34వ వంతు ఆలస్యమవుతుంది. మనకది లెక్కలోకి రాదు, దెబ్బలు కలిపేవాడికి అది పెద్ద దూరం. అందుకే అతని పక్కనే ఒక చిన్న స్పీకరు పెడతారు. అతను దాన్ని నమ్ముతాడు.

ఇప్పుడు కొత్త రికార్డు శబ్దాన్ని మెల్లగా పైకి తెస్తాడు. అయితే దాని మంద్రధ్వని, అంటే బేస్, పూర్తిగా తగ్గించి ఉంటుంది. పైనుండే తాళాల గలగల మాత్రమే హాల్లోకి జారుతుంది. ఆడేవాళ్లకి కొత్త రికార్డు వచ్చిందని తెలియదు, ఏదో కాస్త మెరిసిందని మాత్రం అనిపిస్తుంది. పదహారో ఆవర్తనం ముగిసే చోట రెండు చేతులూ ఒకేసారి కదులుతాయి. ఎడమచేయి పాత రికార్డు బేస్‌ని తిప్పేస్తుంది, కుడిచేయి కొత్తదాన్ని తెరుస్తుంది. రెండు బేస్‌లు కలిసి మోగితే ఒకదాన్నొకటి మింగేస్తాయి, లేదా బురదలా కలిసిపోతాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. కొందరు ఈ మార్పిడిని రెండు మూడు నిమిషాలు సాగదీస్తారు. డెట్రాయిట్‌కి చెందిన జెఫ్ మిల్స్ దారి వేరు. 1995లో టోక్యోలోని లిక్విడ్ రూమ్‌లో ఆయన వాయించిన సెట్, అంటే ఒక విడతలో ఏకధాటిగా వాయించినది, రికార్డుగా వచ్చింది. మూడు ప్లేయర్లు, గంటకు కాస్త పైగా సమయం, అందులో ముప్పైకి పైగా రికార్డులు. ఒకటి కుదురుకునేలోపే ఇంకొకటి.

ఈ రోజుల్లో ఒక బటన్ నొక్కితే వేగం కలిపే పని యంత్రమే చేసిపెడుతుంది. దాంతో కళ పోయిందని బాధపడేవాళ్లున్నారు. నేనలా అనుకోను. కుట్టు మిషన్ వచ్చాక కూడా కొలత తీసుకునేది దర్జీయే. ఏ రికార్డు, ఎప్పుడు, ఎంతసేపు అనే మూడు ప్రశ్నలకీ ఆ బటన్ జవాబు చెప్పదు.

చెవి కంటే ముందున్న కాలు

ఇక్కడ చిన్న ప్రయోగం చేయండి. గోడగడియారం టిక్కు టిక్కుకీ బల్ల మీద వేలితో తట్టండి. మీరు చప్పుడు విని తడుతున్నామనుకుంటారు. కాదు. ప్రయోగశాలల్లో కొలిస్తే వేలు టిక్కు కంటే కొద్దిగా ముందే పడుతున్నట్టు తేలింది. సెకనులో కొన్ని వందో వంతులు ముందు. అనుకోకుండా వచ్చిన చప్పుడుకైతే మన వేలు కదలడానికి సెకనులో ఆరేడో వంతు పడుతుంది. అంటే లయలో ఉన్నప్పుడు మనం వినడం లేదు, ఊహిస్తున్నాం. రాబోయే దెబ్బ మెదడులో ముందే మోగుతోంది.

ఈ గుణం నేర్చుకుని వచ్చింది కూడా కాదు. 2009లో హంగరీ శాస్త్రవేత్త ఇష్ట్వాన్ వింక్లర్ బృందం నిద్రపోతున్న పసికందులకు, పుట్టి రెండు మూడు రోజులైనవాళ్లకు, డ్రమ్ము దరువు వినిపించి మెదడు విద్యుత్తును కొలిచింది. ఆవర్తనం మొదటి దెబ్బను ఎగరగొట్టినప్పుడల్లా ఆ చిన్న మెదళ్లలో 'ఏదో తప్పింది' అన్న స్పందన కనిపించింది. లేని చప్పుడుకి స్పందన! ఎదురుచూడకపోతే అది సాధ్యం కాదు. పెద్దవాళ్లలో చూస్తే, కదలకుండా పడుకుని దరువు విన్నా కదలికల్ని నడిపే మెదడు భాగాలు పనిలోకి దిగుతున్నాయని స్కానింగులు చెబుతున్నాయి. కాలు ఆడకముందే మెదడులో ఆట మొదలవుతోంది.

మా పెద్దాయనకు నేను చెప్పాలనుకున్నది ఇదే. డీజే చేతిలో ఉన్న అసలు వాయిద్యం రికార్డు కాదు, వందలమంది ఒకేసారి చూస్తున్న ఎదురుచూపు. దాన్ని ఎంత తీర్చాలి, ఎంత ఆపాలి అన్నదే అతని పని. ప్రతి దెబ్బా ఊహించినట్టే పడితే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, ఇంట్లో ఫ్యాను చప్పుడు వినబడటం మానేసినట్టు. అసలు ఊహకే అందకపోతే కాలికి పట్టు దొరకదు. మరియా విటెక్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో రకరకాల దరువులు వినిపించి 'ఆడాలనిపిస్తోందా' అని అడిగారు. మరీ సాదా దరువులూ మరీ చిక్కువీ వెనకబడ్డాయి. దెబ్బలు అక్కడక్కడా పక్కకు జరిగిన మధ్యరకం దరువులు నెగ్గాయి. టెక్నోలో కిక్ గడియారంలా ఉంటుంది కాబట్టే దాని పైన తాళాలూ చప్పట్లూ పక్కకు జరగగలుగుతాయి.

ఖాళీ

ఇక డీజే చేతిలోని పెద్ద ఆయుధం: దెబ్బను ఆపేయడం. బేస్ ఒక్కసారిగా పోతుంది. పైన ఏదో పలచని స్వరం తేలుతుంది, నెమ్మదిగా బిగుసుకుంటుంది. ఆడేవాళ్లు కాళ్లు నిదానించి తలలెత్తుతారు. ఓస్లో విశ్వవిద్యాలయంలో రాగ్నిల్డ్ సోల్‌బర్గ్, అలెగ్జాండర్ యెన్సేనియస్ ఆడేవాళ్ల కదలికల్ని కెమెరాలతో కొలిచారు. ఈ ఖాళీలో కదలిక బాగా తగ్గింది, బేస్ తిరిగి పడగానే ఉవ్వెత్తున లేచింది. మాంట్రియల్‌లో 2011లో జరిగిన మరో పరిశోధనలో, ఇష్టమైన సంగీతం వింటూ ఒళ్లు జలదరించేవాళ్ల మెదడుల్ని చూశారు. ఆనందానికి సంబంధించిన డోపమైన్ ఆ ఘట్టం వచ్చినప్పుడే కాదు, రాబోతోందని తెలిసిన క్షణాల్లోనూ, మెదడులో వేరే చోట, ఊరుతోంది. ఎదురుచూపుకి దాని సొంత రుచి ఉందన్నమాట.

అయితే ఖాళీని ఎంతసేపు ఉంచాలి? అర నిమిషంలో బేస్ వస్తుందని అందరి ఒళ్లూ లెక్కవేసి ఉంటాయి. అక్కడ ఇంకో నాలుగు ఆవర్తనాలు ఆపితే హాలంతా ఒక కేక. ఇంకో పదహారు ఆపితే ఎదురుచూపు తెగిపోతుంది, మనుషులు నీళ్ల కోసం పక్కకు వెళతారు. ప్రతి పది నిమిషాలకీ ఇదే చేస్తే ఎవరూ తలెత్తరు. నిజంగా గట్టి టెక్నో డీజేలు దీన్ని పిసినారిగా వాడతారు. నాకైతే పెద్ద ఖాళీల కంటే, ఒకే ఒక్క ఆవర్తనం పాటు బేస్ తీసి వెంటనే ఇచ్చేయడంలోనే ఎక్కువ పనితనం కనిపిస్తుంది.

బేస్‌కి ఇంత పట్టెందుకు? కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో డేనియల్ కామెరాన్ బృందం ఒక నిజమైన కచేరీనే ప్రయోగంగా మార్చింది. ఆర్ఫెక్స్ అనే జంట వాయిస్తుంటే, ప్రేక్షకుల తలలకు కదలిక కొలిచే పట్టీలు కట్టి, చెవికి దాదాపు వినబడనంత లోతైన ధ్వని ఇచ్చే స్పీకర్లను రెండున్నర నిమిషాలకోసారి వేస్తూ ఆపుతూ పోయారు. సెకనుకు 8 నుంచి 37 కంపనాల ధ్వని అది. స్పీకర్లు మోగినప్పుడు జనం దాదాపు 12 శాతం ఎక్కువగా కదిలారు. అవి మోగుతున్నాయో లేదో మాత్రం వినేవాళ్లు గుర్తుపట్టలేరని విడిగా చేసిన పరీక్షలో తేలింది. 2022లో వచ్చిన ఈ ఫలితం చెవినే కాక చర్మాన్నీ, లోపలి చెవిలో ఉండే ఒంటి సమతూకం చూసే అవయవాన్నీ అనుమానించమంటోంది. మంచి ధ్వని అంటే పెద్ద ధ్వని కాదని కూడా ఇక్కడే చెప్పాలి. 2022లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి చోట్ల పావుగంట సగటున 100 డెసిబెళ్లు దాటకూడదని చెప్పింది. చెవుల్లో అడ్డు పెట్టుకుని ఆడండి. బేస్ ఎలాగూ ఒంట్లోంచి వస్తుంది.

గుంపుని చదవడం

జాతరలో డప్పు కొట్టేవాళ్లని గమనించండి. వాళ్ల చూపు డప్పు మీద ఉండదు, చిందేసేవాళ్ల కాళ్ల మీద ఉంటుంది. కాలు బరువెక్కితే దరువు మారుతుంది. క్లబ్బులో డీజే చూపు కూడా రికార్డుల్ని కలిపే మిక్సర్ మీద తక్కువే. అయితే అతనికి కాళ్లు కనబడవు, పొగ, చీకటి. భుజాలు కనబడతాయి. భుజాలు ఒకే ఎత్తులో లేచి పడుతుంటే గుంపు కలిసినట్టు. తలలు పక్కవాళ్ల వైపు తిరిగి మాటలు మొదలయ్యాయంటే పట్టు జారుతున్నట్టు. ముందు వరసని నమ్మకూడదు, వాళ్లు అభిమానులు, ఏం వేసినా ఆడతారు. చూడాల్సింది అంచుని. గోడకు ఆనుకుని, చేతిలో గ్లాసుతో, ఆడాలా వద్దా అని ఊగుతున్న మనిషి ఉంటాడే, అతనే థర్మామీటరు. అతను గ్లాసు పక్కన పెట్టాడంటే రికార్డు పనిచేసింది.

కష్టం ఏమిటంటే, జవాబు ఆలస్యంగా వస్తుంది. గీజరు నీళ్లు కలుపుకునేటప్పుడు వేడి కొళాయి తిప్పగానే నీళ్లు వేడెక్కవు. ఆగలేక ఇంకాస్త తిప్పుతాం. అంతలో ఒక్కసారిగా మరిగే నీళ్లు. కంగారుగా వెనక్కి తిప్పితే చన్నీళ్లు. కొత్త డీజేలు చేసే తప్పు అచ్చంగా ఇదే. జనం చల్లబడ్డారని గబుక్కున గట్టి రికార్డు వేస్తారు. అది ఒంటికి ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆలోగా ఇంకా గట్టిది వేస్తారు. అరగంటలో పై మెట్టుకి చేరతారు, ఆ పైన మెట్లుండవు. అనుభవం ఉన్నవాడు చిన్నగా తిప్పి ఆగుతాడు. ఈ రికార్డు మోగుతుండగా అతను ఆలోచించేది తర్వాతి దాని గురించి కాదు, దాని తర్వాతి దాని గురించి.

అందుకే సెట్‌ని ముందే రాసుకుని వచ్చేవాళ్లు తక్కువ. వాళ్ల దగ్గరుండేది వరస కాదు, జట్లు. ఫలానా మూడు రికార్డులు పక్కపక్కన కుదురుతాయి, ఫలానా రెండు ఎప్పుడూ కుదరవు. రాత్రి ఏ జట్టు అడుగుతుందో అక్కడే తేలుతుంది. మొదట వాయించేవాడి పని మరీ సున్నితం. హాలు సగం ఖాళీగా ఉంటుంది, వచ్చినవాళ్లు ఇంకా కోట్లు విప్పుతుంటారు. వేగం 125 దగ్గర పెట్టి, గట్టి రికార్డులు సంచిలో ఉన్నా బయటికి తీయకుండా రెండు గంటలు నిగ్రహించుకోవాలి. ఈ పనికి పోస్టరు మీద చిన్న అక్షరాలే దక్కుతాయి. కానీ రాత్రికి పునాది అదే.

తర్వాత అలలు. ఎక్కించడం, కొంత దించడం, మళ్లీ ముందరి కంటే కాస్త పైకి ఎక్కించడం. దించడం అంటే వేగం తగ్గించడం కాదు. కిక్ అలాగే ఉంచి పైన చప్పుళ్లు తీసేస్తే చాలు, ఒళ్లు ఆడుతూనే విశ్రాంతి తీసుకుంటుంది. బెర్గైన్ లాంటి చోట చివరి డీజే పది గంటలు కూడా వాయిస్తాడు. ఆ నిడివి ఉంటేనే తప్పటడుగు వేసి సరిదిద్దుకునే చోటు దొరుకుతుంది. పెద్ద ఉత్సవాల్లో ఒక్కొక్కరికి గంట, గంటన్నర ఇస్తున్నారు. అందరూ శిఖరం మీదే మొదలుపెట్టి శిఖరం మీదే దిగుతున్నారు. టెక్నోకి ఇది నష్టమని నా గట్టి అభిప్రాయం. బెర్గైన్‌లో ఫోను కెమెరాల మీద స్టిక్కరు అంటించి లోపలికి పంపడం కూడా నాకు ఈ దృష్టితోనే నచ్చుతుంది. ఫోను ఎత్తిన చెయ్యి ఆడదు, ఆడని గుంపుని చదవలేం.

కలిసి ఆడినవాళ్లకి ఏమవుతుందో కూడా కొలిచారు. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాన్విన్ టార్ బృందం హెడ్‌ఫోన్లు పెట్టి కొందరితో ఒకే లయకు ఒకే అడుగులు, మరికొందరితో విడివిడిగా అడుగులు వేయించింది. తర్వాత బీపీ చూసే పట్టీ చేతికి బిగిస్తూ ఎంతవరకు ఓర్చుకుంటారో చూసింది. కలిసి ఆడినవాళ్లు నొప్పిని ఎక్కువ ఓర్చుకున్నారు, పక్కవాళ్లు తమకి దగ్గరివాళ్లన్నారు.

రాత్రి సగమయ్యాక ఇంకొక డీజే వస్తాడు. గురువులు చెప్పే పద్ధతి ప్రకారం అతను అరగంట ముందే వచ్చి హాల్లో, జనం మధ్య నిలబడి వింటాడు. దిగిపోయేవాడు తన చివరి రికార్డుని ఇంకా నాలుగు నిమిషాలు మిగిలుండగా వదిలి, హెడ్‌ఫోను తీసి, పక్కకు జరుగుతాడు. కొత్తవాడు తన హెడ్‌ఫోను తగిలించుకుంటాడు. వెంటనే దేన్నీ ముట్టుకోడు. ఒక నిమిషం తలెత్తి, గోడ దగ్గర గ్లాసుతో నిలబడ్డ ఆ మనిషి కోసం వెతుకుతాడు.